లేని తాళంచెవి

ప్రోగ్రామింగ్ మానేసి పదేళ్లయిన తమ్ముడు అటక మీది పాత కంప్యూటర్ దించి, పక్కగదిలో మేనకోడలికి అందులో తన పాత ఆట పెట్టిచ్చి, వంటింట్లో ఉన్న అక్క దగ్గరికి వచ్చాడు.

"నేను రాసిన కోట ఆట గుర్తుందా అక్కా? ఏం రోజులవి!"

"గుర్తులేకేం? చివరి తలుపు తాళంచెవి వెతకడానికే సెలవులన్నీ తగలేశాను."

"అదే... అసలు తాళంచెవే లేదక్కా."

"లేదా?"

"తలుపు గీసేసరికి మెమరీ అయిపోయింది. దాని వెనక గది కూడా లేదు."

"మరి రోజూ 'ఇంకాస్త వెతుకు' అన్నావు కదరా!"

"ఆ ఆట ఆడేదానివి నువ్వొక్కదానివే. నువ్వూ మానేస్తావేమోనని..."

"ఓరి నీ! ఇందాక నువ్వు కంప్యూటర్ దించుతుంటే నీ మేనకోడలికి చెప్పాను, తాళంచెవి ఎక్కడో ఉంటుంది, వెతకమని."

"ఇప్పుడు దానికి ఏమని చెప్పను?"

"నాకు చెప్పడానికి నీకు ముప్పై ఏళ్లు పట్టింది. దానికైనా భోజనాల వేళకి చెప్పెయ్."