పెద్దావిడ చేతులు

వదిన పుణ్యానికని మొదలుపెట్టిన కుందేళ్ళ ఆశ్రయం అది. ఇప్పుడా పుణ్యం ప్రహరీ దాటి కంపు కొడుతోంది. పెరట్లో రెండు గదులు, ఒకటి జబ్బు గది, ఒకటి మంచి గది. మంచి గది గుమ్మంలో వదినా, ఆవిడ ఆడపడుచూ.

"చెప్పులు మార్చావా?"

"మార్చాను వదినా."

"ఎర్రవేనా?"

"ఎర్రవే. జబ్బు గదికి నీలంవి, మంచి గదికి ఎర్రవి. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పను."

"టబ్బులో కాళ్ళు ముంచావా?"

"ముంచాను. ఆ బ్లీచింగు నీళ్ళకి వేళ్ళ సందుల్లో చర్మం పొరలు పొరలుగా ఊడొస్తోంది. చూస్తావా?"

"నాకెందుకే ఆ దరిద్రం! తలుపెయ్యి, ఈగలొస్తాయి."

"ఈగలకి ఇక్కడేం పని? వాటి పెళ్ళి భోజనాలన్నీ ఆ గదిలోనే. ఇందాక తెల్లదాని కింద గడ్డి తీశానా, అది గడ్డి కాదు వదినా, జిగురు. పచ్చగా, తీగలా సాగింది చేతికి."

"అబ్బబ్బా, ఇప్పుడే కాఫీ తాగాను."

"నేను తాగలేదు. గ్లాసు నోటి దాకా వస్తే చాలు, చీమిడి గుర్తొస్తోంది. అవి తుమ్మితే గోడకి అతుక్కుంటోంది, ఎండి పెచ్చు కడుతోంది. గీకేదెవరు? నేను. చెంచాతో."

"ఏ చెంచాతో?"

"కంగారు పడకు, నీ వంటింటిది కాదు."

"ఛీ! మీ అన్నయ్య ఊరికే పారిపోలేదు స్నేహితుడింటికి."

"పారిపోతూ ఏమన్నాడో తెలుసా? 'నా చొక్కాలకి కూడా పట్టిందే ఈ కంపు' అన్నాడు. చొక్కాలకట! నా జుట్టు సంగతి అడగలేదు."

"ఇప్పుడు నీకు జుట్టెక్కడుందే?"

"ఎందుకు లేదో నువ్వే చెప్పు వదినా."

"మళ్ళీ మొదలు. నీ మంచికే కదా అన్నాను? వంగినప్పుడల్లా జడ బోనులకి తగులుతోంది, దాంతోనే ఈ గదికి మోసుకొస్తున్నావు అన్నాను. తప్పా?"

"తప్పని నేనన్నానా? కోయించుకొచ్చాను. అమ్మ చూసి ఏడ్చింది. సరే, జడ పోయింది. జబ్బు పోయిందా? నిన్న మళ్ళీ ఈ గదిలోంచి రెండు అటు వెళ్ళాయి."

"అంటే చెప్పుల్లోనే ఎక్కడో తేడా చేస్తున్నావు."

"చెయ్యట్లేదు."

"చెయ్యకపోతే దానికేం కాళ్ళొచ్చాయా, నడిచొచ్చిందా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు! కుంటిదీ, గోధుమరంగు పిల్లా. పోయినసారి వెళ్ళిన నల్లది కూడా. ముగ్గురూ పెద్దావిడ పక్కలో దూరి పడుకునేవాళ్ళే."

"ఈ గదిలో ఉన్నవన్నీ దాని పక్కలోనే దూరతాయి. ముసలి కుందేలు, వెచ్చగా ఉంటుంది. ఇంక మాటలు ఆపి అట్టపెట్టెలు తెరువు, వీటిని అవతలి ఆశ్రయానికి తీసుకెళ్ళే బండొచ్చే వేళయింది."

"రోజూలాగే ముందు చేతులు చూడాలి కదా అన్నిటివీ."

"నేను పొద్దున్నే చూశాలే."

"నువ్వు చూశావు, సరే. అవతలి ఆశ్రయం ఆవిడ నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. 'మా దగ్గర పిల్లలున్నాయమ్మా, ఇంకా కళ్ళు కూడా తెరవనివి. నువ్వు నీ కళ్ళతో చూసి పంపు, నిన్ను నమ్మి తీసుకుంటున్నాను' అంది. నేను చూడాల్సిందే."

"అయితే త్వరగా కానియ్. ముక్కులు చూసి పెట్టేసెయ్."

"ముక్కులా? నువ్వేనా ఈ మాట అంటున్నది?"

"ఏం?"

"'ముక్కు చూసి మోసపోకే, చీమిడి కారితే అవి ముందు కాళ్ళతో తుడిచేసుకుంటాయి, ముక్కు అద్దంలా ఉంటుంది, చేతులే అట్ట కట్టి ఉంటాయి' అని నా బుర్ర తిన్నదెవరు? వాటిని కాళ్ళు అంటే కూడా ఊరుకోలేదు. చేతులు అనమన్నావు."

"సరే తల్లీ, చేతులే చూడు. ఎవరొద్దన్నారు?"

"చూపించవే బుజ్జీ చేతులు... పొడి. దూదిలా ఉన్నాయి. పెట్టెలోకి పో. నువ్వు రావోయ్ లావాటివాడా... అబ్బ, తన్నకు! ఇవీ పొడే. వదినా, ఇలా పొడి బొచ్చు ముట్టుకుంటే ప్రాణం లేచొస్తోంది. ఆ గదిలో ఒక్కో చెయ్యీ ఎండిన గంజి గుడ్డలా ఉంటోంది. విప్పదీస్తే లోపల చీము. వాసనకి నాకు ఇక్కడిదాకా వచ్చేస్తోంది."

"మళ్ళీ ఆ వాసన కబుర్లు! రేపటితో ఆ గది ఖాళీ అవుతుందిలే."

"డాక్టరు రేపేనా వచ్చేది?"

"రేపే. ఇక మందులు లాభం లేదు, ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది, ఊరికే బాధ పెట్టడమే, సూది వేసేద్దాం అన్నాడు. ఆ గదిలో ఏది కనిపిస్తే దానికి."

"పాపం అనాలో, పీడా పోయింది అనాలో తెలియట్లేదు. ఛీ, ఎలాంటిదాన్ని అయిపోయాను చూడు."

"అలాగే అనిపిస్తుంది. నాకూ అనిపిస్తోంది. పని చూడు."

"ఇవన్నీ అయ్యాయి. అన్నీ పొడే. పెద్దావిడ ఏదీ?"

"దాన్ని పెట్టేశాను."

"ఎక్కడ?"

"అదుగో, ఆ గళ్ళ దుప్పటి వేసిన పెట్టె. కదపకు, నిద్రపోతోంది."

"దుప్పటి కూడానా! ఈ ఇంట్లో మా అమ్మకి కూడా ఇంత మర్యాద జరగలేదు."

"మీ అమ్మ నా ఒళ్ళో పెరగలేదు. అది పెరిగింది. సీసాతో పాలు పట్టాను దానికి. అది రాకపోతే ఈ గదులే లేవు."

"తెలుసు వదినా, తెలుసు. ఒక్కసారి చేతులు చూసి మూసేస్తాను."

"దాన్ని వదిలెయ్ అమ్మాయ్."

"ఒక్క క్షణం."

"నేను చూశానన్నానా? దాన్ని వదిలెయ్. ముసలిది, బెదిరిపోతుంది."

"నేనంటే బెదురా దానికి? రోజూ దాని పెంటికలు ఎత్తేది నేనే."

"అమ్మగారూ! బండి గేటు దగ్గర పెట్టాను. పెట్టెలు ఎక్కించమంటారా?"

"ఎక్కించు డ్రైవరూ, ఎక్కించు! ముందు ఈ గళ్ళ దుప్పటిది తీసుకెళ్ళు, జాగ్రత్తగా."

"ఆగండి డ్రైవరుగారూ, అక్కడే ఉండండి. లోపలికి రాకండి, చెప్పులు వేరు."

"నాకు ఎండ ముదరకముందే వెళ్ళాలమ్మా..."

"ఒక్క నిమిషం. దా పెద్దావిడా, దా. ఎంత తేలికైపోయావే! తిండి తింటోందా వదినా ఇది?"

"ముసలితనం."

"ఏదీ, చేతులు. చక్కగా తెల్లగా... వదినా."

"ఏంటి?"

"తడిగా ఉన్నాయి."

"నీళ్ళ గిన్నెలో పెట్టుంటుంది."

"ఏ గిన్నె? గిన్నెలతో జబ్బు పాకుతుందని నువ్వే కదా తీయించావు. ఈ గదిలో నీళ్ళకి అన్నీ వేలాడే సీసాలే."

"అయితే ఉచ్చలో తొక్కుంటుంది. కుందేలన్నాక తొక్కదా?"

"ఉచ్చకి ఈ వాసన రాదు. చూడు. నువ్వే చూడు! సబ్బు. నువ్వు మొహం కడుక్కునే సబ్బు. ఇటు చూడు వదినా. మొహం తిప్పకు. ఇదుగో, మోచేతి మడతలో, నీ వేలు పట్టలేదిక్కడ. ఇదేంటి? అట్ట. విప్పనా? యాక్... ఛీ, ఛీ! పచ్చగా, అదే జిగురు. ఆ గదిలో సాగిందే, అదే."

"గట్టిగా అరవకే. వాడు వింటాడు."

"విననీ! దీన్ని కళ్ళు తెరవని పిల్లల మధ్యకి పంపుతున్నావా?"

"ఆ గదిలోకి ఎలా తోయనే దాన్ని? చెప్పు, ఎలా తోయను? రేపు సూది. నా ఒళ్ళో పాలు తాగిన దానికి! అక్కడ పెద్ద డాక్టరున్నాడు. బాగుచేస్తాడేమోనని..."

"చెప్పి పంపొచ్చుగా!"

"చెప్తే తీసుకుంటారా?"

"తీసుకోరు! ఎందుకు తీసుకుంటారు? వదినా, నాకు ఆ గది చూస్తే ఇంత అసహ్యం వెయ్యలేదు. ఒట్టు. చీము గీకాను, పురుగులు ఏరాను, ఇంత వెయ్యలేదు."

"నన్నేమైనా అను. పడతాను."

"నా జడ..."

"అమ్మగారూ, ఎక్కించమంటారా, వద్దా?"

"ఆగండయ్యా! వదినా, ఏడవకు. నా మొహం చూసి చెప్పు. దీని సంగతి తర్వాత. మిగతావాటి చేతులు పొడిగానే ఉన్నాయి. ఇది ఇవాళే మొదలైతే, వాటికింకా అంటుకుని ఉండదు. వాటినైనా పంపొచ్చు, అవైనా బతుకుతాయి. ఎన్నిసార్లు కడిగావు?"

"ఒక్కసారే."

"నిజంగా?"

"మీ అన్నయ్య మీద ఒట్టు. ఒక్కసారే కడిగాను."

"హమ్మయ్య. ఇవాళ పొద్దున, ఒక్కసారి. అంతేగా? అంతేగా వదినా?"

"రోజూ పొద్దున ఒక్కసారేనే. నువ్వు వచ్చి చేతులు చూసే ముందు."