మత్తు దిగేదాకా

నరసరావుపేటలో ఒక ఆసుపత్రి. అత్తకు మోకాలిలో చిన్న ఆపరేషన్ చేసి మధ్యాహ్నం వార్డుకు తీసుకొచ్చారు. కోడలు మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

“ఏమే, నా కాళ్ళు ఉన్నాయా?”

“ఉన్నాయత్తా. దుప్పటి తీసి చూపించమంటావా?”

“చూస్తే ఏం లాభమే? నావి అన్నట్టే లేవు. రేపు మిరపకాయ కోతలకి నన్నెవరు మోసుకుపోతారు? ఆకు పసరు కట్టుకుంటానంటే విన్నావా? ఆపరేషను, ఆపరేషనని ఎంటబడ్డావు.”

“నడుముకి మత్తు సూది వేశారు గదా. అది దిగేదాకా ఇట్టాగే ఉంటదని డాక్టరు చెప్పాడు.”

“దిగకపోతే?”

కోడలు లేచి దుప్పటి కింద చెయ్యి పెట్టింది.

“అత్తా, బొటనవేలు గిల్లుతున్నా. తెలుస్తందా?”

“గిల్లుతున్నావా? దీనికోసం ఎన్నాళ్ళ నుంచి కాచుకోని ఉన్నావే?”

“పెళ్ళయిన కాణ్ణించి. ముందు చెప్పు, తెలుస్తందా?”

“లేదే. ఏం తెలవట్లేదే.”

“ఏడవమాక. కాసేపాగి మళ్ళీ గిల్లుతా.”

కాసేపాగి గిల్లింది. మరి కాసేపాగి, ఈసారి గట్టిగా గిల్లింది.

“అబ్బా! చంపావు గదే! అయ్యేం గోళ్ళే, గద్ద గోళ్ళు!”

“నొప్పి పుట్టిందా అత్తా? నిజంగానా?”

“లేకపోతే నాటకాలాడుతున్నానా?”

“హమ్మయ్య! నీ కొడుక్కి మొకం ఎట్టా చూపించాలా అని హడలి చచ్చాను.”

“చచ్చింది చాల్లే. ఆ రెండో కాలు గూడా గిల్లవే.”