నోటీసుబోర్డు మీది పాస్‌వర్డు

మొగిలిపాళెం రొయ్యల రైతుల సంఘం ఆఫీసులో, బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు జరిగిన అత్యవసర సమావేశానికి హాజరైనవారు, కూర్చున్న వరుసలో: అధ్యక్షులు, విశ్రాంత తహసీల్దారు శ్రీ రంగనాయకులు గారు, కార్యదర్శి, నాలుగో చెరువు రైతు శ్రీమతి కామాక్షి గారు, ఆహ్వానితురాలు, గూడూరులో కంప్యూటర్లు బాగుచేసే కుమారి ఫేబీ. నాలుగవది, గోడమీది కెమెరా.

"మళ్లీ చెప్పండక్కా. చెరువు నీళ్లలోకి గాలి కొట్టే చక్రాలు వాటంతట అవే తిరిగాయా?"

"అవే తిరిగినాయి పాపా! ఆరుసార్లు. నేనూ ముట్టుకోలా, తాసిల్దారు గారూ ముట్టుకోలా. తెల్లారుజామున నీళ్లలో గాలి తగ్గే యాళకి సరిగ్గా ఎవుడో ఏసినాడు. మా మిషన్ల లోపలికి దూరి ఉండాడు వాడు. ఇయ్యాళ ఏసినోడు రేపు ఆపలేడా? ఎల్లుండే నా నాలుగో చెరువులో రొయ్యల పట్టుబడి. మూడు దినాలుగా మబ్బు. ఇట్టాంటప్పుడు అరగంట చక్రాలు ఆగితే రొయ్యలన్నీ ఊపిరాడక తేలిపోతాయి. నాలుగు నెలల కష్టం..."

"కార్యదర్శి గారూ, కష్టమును గురించి తరువాత. మొదట గత సమావేశపు తీర్మానమును చదివి ఆమోదించవలెను."

"ఏముండాది చదివేదానికి? పాస్‌వర్డు మార్చినాం. అంతకుముందూ మార్చినాం. ఆరుసార్లు మార్చినాం, ఆరుసార్లూ లోపలికొచ్చినాడు!"

"సార్, ఆ పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?"

"అధ్యక్షులకును, కార్యదర్శికిని మాత్రమే. మిక్కిలి రహస్యము."

"ఎక్కడైనా రాసిపెట్టారా?"

"సహజముగా. ప్రతి తీర్మానమునకు నకలు తీసి నోటీసుబోర్డున అంటించవలెనని సంఘపు నిబంధన."

"పాస్‌వర్డుతో సహానా!"

"తీర్మానమే పాస్‌వర్డును గురించి కదా, అమ్మాయీ. అది తీసివేసినచో మిగులునది నా సంతకమే."

"అంటే... బయట, టీ కొట్టు పక్కనున్న బోర్డు మీద?"

"దానికి అద్దమున్నది. తాళమున్నది."

"అద్దంలోంచి కనపడుతుంది కదా సార్!"

"కనబడుటకే కదా అద్దము."

"చూసినావా పాపా? ఆయనతో ఇదీ నా బాధ. నేను ఒద్దు ఒద్దంటానే ఉండాను. నిబంధన, నిబంధన!"

"సరే, ఇంతకీ ఆ పాస్‌వర్డు ఎలా ఉంటుంది?"

"తీర్మానము చేసిన తేదీ. ఎనిమిది అంకెలు."

"తేదీలు పెట్టకూడదు సార్. ఎవరైనా ఊహించేస్తారు. అక్షరాలు, అంకెలు, గుర్తులు అన్నీ కలిపి పొడుగ్గా..."

"అక్షరములు వద్దు."

"ఎందుకు సార్?"

"వద్దంటిని. అంకెలు మాత్రమే."

"కారణం చెప్తే..."

"అధ్యక్షుల విచక్షణ. తరువాతి అంశము."

"ఏ అంశం పట్టుకున్నా ఇంతే పాపా. అంకెలు దాటి రాడు ఆయన."

"ఈ మిషన్లు రాకముందు చెరువులు ఎవరు చూసేవాళ్లక్కా?"

"చిన్నపోలయ్య అని కాపలా మనిషి. పన్నెండేళ్లు చూసినాడు. కెమెరాలొచ్చినాక మనిషెందుకని తీసేసినాం. అందరం చేతులెత్తినాం. తాసిల్దారు గారొక్కరే ఎత్తలా."

"అది ముగిసిన అంశము, కార్యదర్శి గారూ."

"ముగిసిందనే చెప్తా ఉండా. మీకెందుకు అంత కోపం?"

"కోపము లేదు. అసమ్మతి ఉన్నది. అది నమోదు కాబడినది."

"సార్, అక్కా, ఒక్క నిమిషం. ఈ కంప్యూటర్ సంగతేంటి? తెరవగానే ఏదో బహుమతి వచ్చిందంటోంది."

"అవును, దినామూ వస్తాది. మా మేనల్లుడు కిషోర్ బాబు ఏసిచ్చినాడు దీంట్లో అన్నీ. ఊరికే ఏసిచ్చినాడు."

"దొంగ కాపీ అక్కా ఇది. దీన్ని నడిపించే అసలు సరుకు, ఆపరేటింగ్ సిస్టమ్ అంటామే, అదే దొంగది. ఊరికే ఇచ్చినవాడు అందులో ఏం కలిపి ఇచ్చాడో దేవుడికే తెలియాలి. చక్రాలు వేసే బటన్లు ఇందులోనే ఉన్నాయా?"

"ఇప్పుడు ఇందులోనే ఉండాయి. దొంగోడి భయానికి మా ఫోన్లలోంచి తీసేసినాం."

"దొంగని చూసి భయపడి, తాళంచెవి తీసుకెళ్లి ఇంకో దొంగ ఇంట్లో పెట్టారన్నమాట. ఇది మొత్తం తుడిచేసి లినక్స్ అని ఇంకో సిస్టమ్ వేస్తాను. పాతదైనా ఈ మిషన్ మీద బాగా నడుస్తుంది. కొత్త రిపేర్లు ఎప్పటికప్పుడు వస్తుంటాయి. పైగా ఉచితం."

"ఉచితమా? అది కుదరదు."

"ఎందుకు కుదరదు సార్?"

"సంఘము ఏది తీసుకొన్నను మూడు కొటేషన్లు ఉండవలెను."

"ఉచితంగా దొరికేదానికి కొటేషన్ ఎవరిస్తారు సార్?"

"సున్న రూపాయలు అని అంకెలలోను, అక్షరములలోను వ్రాసి, ముద్ర వేసి ఇవ్వవలెను."

"మూడు చోట్ల నుంచి మూడు సున్నలు తేవాలా?"

"మూడింటిలో తక్కువ దానిని ఎంపిక చేసెదము."

"ఓరి దేవుడా! నా రొయ్యలు, నా రొయ్యలు! పాపా, ఆయన్ని ఒదిలెయ్. ఆ లినక్కు ఎట్టుంటదో నాకు చూపించు."

"లినక్స్ అక్కా. ఇదిగో నా ఫోన్లో చూడండి, ఇదే దాని గుర్తు."

"ఏందిది? కోటేసుకున్న బాతు మాదిరి ఉండాది."

"పెంగ్విన్ పక్షి."

"ఏం తింటది అది?"

"చేపలు... చిన్న రొయ్యలు..."

"ఒద్దు."

"అక్కా, అది బొమ్మ!"

"బొమ్మయినా సరే. రొయ్యల సంఘంలో తెచ్చి తెచ్చి దాన్నా పెట్టేది? ఎల్లుండి పట్టుబడి పెట్టుకొని? వేరే బొమ్మ ఏదైనా ఉంటే చెప్పు. ఆవు, ఏనుగు..."

"ఈ విషయమున కార్యదర్శి గారితో ఏకీభవించుచున్నాను."

"దేంట్లోనూ ఏకీభవించని మనిషి దీంట్లో ఏకీభవించినాడు, చూడు."

"సరే, బొమ్మ సంగతి తర్వాత చూద్దాం. ముందు అసలు ప్రమాదం వినండి. మీకు చెరువు చక్రాలకీ, గట్టు మీద కెమెరాలకీ, ఈ గోడమీద కెమెరాకీ అన్నిటికీ ఒకటే పాస్‌వర్డు. లోపలికి వచ్చినవాడు చక్రాలు తిప్పడమే కాదు. ఇక్కడ కూర్చున్న మనల్ని చూస్తాడు. మన మాటలు వింటాడు. కావాలంటే మాట్లాడతాడు కూడా."

"మాట్లాడతాడా? గోడలోంచా?"

"దానికి స్పీకరుంది కదక్కా."

"ఖళ్... ఖళ్ళు... ఖళ్."

"ఎవురు దగ్గింది?"

"నేను కాదక్కా."

"నేను దగ్గలేదు. సమావేశమున నేనెన్నడును దగ్గలేదు."

"సార్... కెమెరా దగ్గింది."

"సభ్యులు కానివారు సమావేశమున దగ్గుటకు వీలులేదు!"

"తప్పయిపోయింది సామీ. బీడీ పొగ."

"మాట్లాడతా ఉండాది! పాపా, గోడ మాట్లాడతా ఉండాది! రేయ్, ఎవుడ్రా నువ్వు? డబ్బాలో దూరి మాట్లాడేది ఎవుడ్రా?"

"పేరెందుకులేమ్మా."

"పేరు చెప్పనివానితో సంభాషింపరాదు, కార్యదర్శి గారూ. మౌనము వహింపుడు. సమావేశము రేపటికి వాయిదా వేసెదము."

"ఏంది వాయిదా? దొంగ గోడమీద దొరికితే వాయిదానా? మీరెందుకు ఆ గొడుగు తీసుకుంటా ఉండారు? కూర్చోండి!"

"అమ్మా, నన్ను తర్వాత తిట్టుకో. నాలుగో చెరువు చూడు ముందు. కరెంటు పొయ్యొచ్చినట్టుండాది, చక్రాలాగిపోయినాయి. నాలుగూ."

"అబద్ధం!"

"అబద్ధం కాదక్కా. నా వెనకాల టీవీలో గట్టు కెమెరా చూపిస్తోంది చూడండి. నీళ్లు కదలడం లేదు."

"అయ్యో! అయ్యో నా తల్లీ! వెయ్యి పాపా, వెయ్యి, ఆ బటన్ నొక్కు!"

"బటన్ మీద బహుమతి వచ్చి కూర్చుంది అక్కా! మూసేస్తుంటే ఇంకో బహుమతి వస్తోంది... ఇప్పుడు రెండు బహుమతులు... అయిదు... మొత్తం బిగుసుకుపోయింది."

"పీకి పారెయ్ ఆ వైరు!"

"పీకితే మళ్లీ తెరుచుకోవడానికి పావుగంట పడుతుంది ఇది. చెరువు ఎంత దూరం?"

"ఉప్పుకాలవ దాటి రెండు మైళ్లు. నేను పోయేసరికి తెల్లగా తేలి ఉంటాయి. కిషోర్ బాబూ, నీ చేతులు పడిపోనూ..."

"అమ్మా... నన్ను వెయ్యమంటారా? నా ఫోన్లో బటన్ ఉండాది."

"నువ్వా?"

"ఈ అంశము అజెండాలో లేదు."

"తాసిల్దారు గారూ!!"

"కావున అధ్యక్షుల ప్రత్యేక అనుమతితో చేర్చడమైనది. వేయుము. త్వరగా వేయుము, నాయనా!"

"వేసినా సామీ. మూడు తిరిగినాయి. మూలది తిరగలా."

"ఎందుకు తిరగలా? ఎందుకు తిరగలా?"

"కంగారు పడబాకమ్మా. దానికి నాచు చుట్టుకుంటది. ఒకేసారి వేస్తే అలుగుతది. రెండుసార్లు ఆపి ఆపి, బుజ్జగించి వేస్తే... ఊఁ... ఊఁ... అదిగో. తిరిగింది."

"తిరిగింది అక్కా! చూడండి, నాలుగూ నురగలు కక్కుతున్నాయి! అక్కా? ఏడుస్తున్నారా?"

"ఏడవలా. పాపా, ఆ మూల చక్రాన్ని బుజ్జగించాలని ఈ భూమ్మీద ఒక్కడికే తెలుసు. చిన్నపోలయ్యా, నువ్వేనా?"

"నేనేనమ్మా."

"పనిలోంచి తీసేసినాం గదయ్యా నిన్ను!"

"తీసేసినారు. మెలకువని తీసెయ్యలా గదమ్మా. పన్నెండేళ్లుగా మూడు గంటలకి లేచే కళ్లు. ఊరకే కూర్చోలేక చూస్తా ఉంటా. ఆగిపోయినట్టుంటే వేస్తా. ఎవురికీ చెప్పకుండా వేసింది తప్పే."

"తాతా, బోర్డు మీద చూసి కొట్టావా పాస్‌వర్డు?"

"ఆయన యాడ చూస్తాడు పాపా? వేలిముద్ర మనిషి. ఓటుకి గూడా వేలిముద్రే!"

"అంకెలొస్తాయమ్మా నాకు. ఫోన్లో నంబర్లు కొడతా గదా. అక్షరాలే రావు."

"బోర్డు నిండా అక్షరాలే గదా. ఆ మధ్యలో పాస్‌వర్డు ఏదో నీకెట్టా తెలిసింది?"

"అదీ... అయ్యగారు చెప్పొద్దన్నారు."

"ఏ అయ్యగారు?"

"సమయము మించిపోయినది. సమావేశము ముగిసినది. అందరికీ నమస్కారము."

"గొడుగు కింద పెట్టండి, తాసిల్దారు గారూ. చెప్పండి."

"నోటీసును చదువలేని వానికి చదివి వినిపింపవలెను. తొమ్మిదవ నిబంధన. అతడు టీ కొట్టువద్ద కనబడెను. చదివితిని."

"ఆరుసార్లా?"

"ఆరు నోటీసులు. అతడు ఆరుసార్లు కనబడెను."

"పాస్‌వర్డుతో సహా చదివారా సార్?"

"నోటీసును సగము చదివి సగము మ్రింగుట నా సర్వీసున లేదు, అమ్మాయీ."

"మరి ఫోను? ఆయన చేతిలో మామూలు బటన్ల ఫోనే గదా ఉండేది! ఈ మిషన్లు నడిపే ఫోను ఆయనకి యాడిది?"

"ఫోను విషయమున నిబంధన ఏదియు లేదు. మా ఇంట ఒకటి ఊరక పడి ఉండెను."

"ఆరుసార్లు దొంగ దొంగ అని నేను అరస్తా ఉంటే, ఈ కుర్చీలోనే కూర్చొని, దొంగని పట్టాలని ఆరు తీర్మానాలు రాయించినారు గదా మీరు!"

"ప్రతి తీర్మానమును చిత్తశుద్ధితోనే వ్రాయించితిని."

"అమ్మా, అయ్యగారిని ఏమనబాకండి. ఫోన్ తెచ్చి ఇచ్చేస్తా."

"ఎవురయ్యా నిన్ను ఇమ్మన్నది? రేపటినించి పనిలోకి రా. కెమెరాలూ ఉంటాయి, నువ్వూ ఉండు. వాటిని నువ్వు చూసుకో, నిన్ను అవి చూసుకుంటాయి. పాపా, ఆయన ఫోనుకి ఏదైనా గట్టి తాళం చెయ్యి."

"చేస్తానక్కా. ఎవరి తాళం వాళ్లకి వేరుగా ఉండాలి, చక్రాలకొకటి, కెమెరాలకొకటి. తాతకి పాస్‌వర్డే అక్కర్లేదు. వేలిముద్ర పెడితే తెరుచుకునేట్టు పెడతాను. దాన్ని బోర్డు మీద అంటించడం ఎవరి వల్లా కాదు."

"నా వేలిముద్రకి ఇంత పనుందా పాపా?"

"చాలా ఉంది తాతా. మీ అందరిలోకీ గట్టి తాళం నీదే. మరి లినక్స్ సంగతి అక్కా?"

"వెయ్యి. ఆ బాతు ఎన్ని తింటదో తిననీ. పైన చిన్నపోలయ్య చూస్తా ఉంటాడు."

"మూడు కొటేషన్లు..."

"మూడు సున్నలూ రేపు పొద్దున తెచ్చి ఇస్తాను సార్, ముద్రలతో."

"సంతోషము. కార్యదర్శి గారూ, హాజరు పట్టికలో నాలుగవది కెమెరా అని ఉన్నది. దానిని కొట్టివేసి, శ్రీ చిన్నపోలయ్య గారు అని వ్రాయుడు. పిమ్మట వారికి కృతజ్ఞతా తీర్మానము."

"ఆయనకి పని ఇచ్చినాం గదా, చాలు. కృతజ్ఞత వేరేవాళ్లకి. రాసేసినా నేను."

"అధ్యక్షులు చెప్పక మునుపే వ్రాయుట నిబంధనలకు విరుద్ధము."

"బోర్డు మీద అంటించినాక చదువుకోండి. చదువు రానోళ్లకి చదివి వినిపించండి, మీకు అలవాటే గదా."

"ఇప్పుడే చదువుడు. అది సంప్రదాయము."

"సరే, లేచి నిలబడండి మరి. 'పాస్‌వర్డులో అక్షరములు ఉండరాదని, అంకెలు మాత్రమే ఉండవలెనని, కారణం చెప్పకుండా ఆరు సమావేశాలలో పట్టుబట్టి, తద్వారా అక్షరములు రాని ఒక కాపలాదారు చేత నాలుగో చెరువును కాపాడించినందుకు, అధ్యక్షులు శ్రీ రంగనాయకులు గారికి ఈ సంఘం ఏకగ్రీవంగా తన కృతజ్ఞతను నమోదు చేయుచున్నది.'"