రొట్టె లోపలుంది, సుత్తి ఆపు

ఏమే, ఇందాకట్నుంచీ ఆ ఓవెన్ ముందు గొంతుక్కూచుని ఏం చూస్తున్నావ్? బ్రెడ్డా? పొంగుతోందా? ఆగాగు, తలుపు మాత్రం తీయకు. తీశావంటే ఉసూరుమని కూలబడుతుంది, ఆ తర్వాత నువ్వేడ్చినా లేవదు. చూడు, బుద్ధిగా చూస్తూ కూచో. అచ్చం మా రొట్టెత్తలాగే కూచున్నావే నువ్వు! ఎవరంటే ఏం చెప్పను, మా మేనత్త. ఊరంతా ఆవిణ్ణి రొట్టెత్త అనే పిలిచేది. నువ్వు పుట్టడం మాట అటుంచు, మీ నాన్న కూడా ఇంకా పుట్టలేదు అప్పటికి. మా అమ్మ పోయాక నన్నూ మా అన్ననీ పెంచింది ఆవిడే. మనిషి చూస్తే చారెడంత, గొంతు విప్పితే వీధి చివర కుక్క కూడా లేచి నిలబడేది. వంటింట్లో ఇటుకలతో కట్టిన పొయ్యి ఉండేది, బీరువా అంత. దానికి ఇనపతలుపు. మామూలుగా అయితే లోపలేం జరుగుతోందో కనిపించదు కదా? మా అత్తకది నచ్చలేదు. కమ్మరి దగ్గరికెళ్ళి ఆ తలుపుకి అరచేయంత కన్నం పెట్టించి, పాత లాంతరు గాజుపలక ఒకటి బిగించింది. ఆ కమ్మరి "ఎందుకమ్మా, ఎలాగూ కాలాక తీస్తావుగా" అన్నాట్ట. "తినడానికెవడైనా తింటాడు నాయనా, పొంగేటప్పుడు చూడాలి" అందిట. అద్దం ఎన్నిసార్లు పగిలిందో, అన్నిసార్లూ వేయించింది.

అబ్బ, ఆవిడ చూడటమే ఒక చూడముచ్చటనుకో! నిప్పులు ఓ పక్కకి లాగి, పిండిముద్ద లోపలపెట్టి, పీట ముందుకి జరుపుకుని, చెంపకి చెయ్యి ఆన్చుకుని కూచునేది. అది కాస్త వెడల్పయ్యేది, నడుం పైకెత్తేది, నెత్తి మీద చీరుకునేది... అంతసేపూ ఆవిడ పెదాలు కదుల్తూనే ఉండేవి. "రా, రా, సిగ్గుపడకు, లే" అని ముద్దతో మాటలు! మేం నవ్వితే "మిమ్మల్ని కూడా ఇలాగే లేపానర్రా వెధవల్లారా" అనేది. నిజమే మరి. ఏంటీ, కోటు సంగతా? కోటు సంగతి నీకెవరు చెప్పారు, మీ నానమ్మేనా? ఆవిడంతే, సగం చెప్పి ఊరుకుంటుంది.

సరే విను. నాదీ మా అన్నదీ కలిపి దర్జీకొట్టు. కొలతలు ఆయన తీసేవాడు, కత్తెర నాది. హెడ్మాస్టరు గారికి కోటు కుట్టాం. పాపం ఆయన తొడుక్కుంటే చేతులు మోచేతి కిందే ఆగిపోయాయి! బజారంతా నవ్వింది. తప్పు కత్తిరించావని మా అన్న, తప్పు కొలిచావని నేను. ఇప్పటికీ చెబుతున్నా, కొలతే తప్పు! నవ్వకు. మాటా మాటా పెరిగి, ఇక మాటలే లేవు. కొట్లో వీపులు తిప్పుకుని కుట్టేవాళ్ళం. చివరికి ఇల్లు రెండు చేసుకుందాం అన్నంతదాకా వచ్చింది. మా అన్న టేపు తీసుకుని ఇంటి నడిమధ్య కొలిచి, బట్ట మీద గీసే సుద్దతో నేలంతా గీత గీశాడు, వీధి గుమ్మం నించి వంటింటిదాకా. ఆ గీత తిన్నగా వెళ్ళి మా అత్త పొయ్యికి గుద్దుకుంది, సరిగ్గా తలుపు మధ్యలో. మా అత్త గీతని చూసింది, మమ్మల్ని చూసింది. "గీత బాగానే గీశావురా పెద్దాడా. మరి నేనెటు పడుకోను?" అంది. ఆ మాట మాకసలు తట్టనే లేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. గోడ కట్టాలంటే ముందు వంటింట్లో పాత అరుగు పగలగొట్టాలి. సుత్తి ఎత్తాడో లేదో, మా అత్త "రొట్టె లోపలుంది, సుత్తి ఆపు! దెబ్బ అదిరితే పొంగు కూచుంటుంది" అని ఒక్క కేక. మేస్త్రీ సుత్తి దించాడు. అది అయ్యేసరికి ఇంకో ముద్ద రెడీ. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మేస్త్రీ వచ్చేవాడు, టీ తాగేవాడు, పొయ్యి ముందు కూచునేవాడు, రొట్టె తిని వెళ్ళేవాడు. మీ నానమ్మా మా వదినా అయితే పెరట్లో ఒకటే కబుర్లు, ఆ గీతతో వాళ్ళకేం పని! నేల రోజూ తుడిచేదే మా అత్త, కానీ గీత చెరగకుండా అటూ ఇటూ తుడిచేది. అదేంటత్తా అంటే, "మీరు గీసుకున్నది మీరే తుడుచుకోండి, నాకేం ఖర్మ" అనేది.

ఎవడైనా ఎన్నాళ్ళని ఊరికే నిలబడతాడు? ఓ రోజు నేనూ అద్దం ముందు కూలబడ్డాను. కాసేపటికి మా అన్న వచ్చాడు. అద్దం అరచేయంత, చూడాలంటే తలా తలా ఆనాల్సిందే. గీతకి అటు ఆయన, ఇటు నేను, మధ్యలో పొయ్యి. ముద్ద లేస్తోంది, లేస్తోంది, ఓ పక్క పట్టున చీరుకుంది. మా అన్న ఉన్నట్టుండి, ఆ ముద్దేదో కోటైనట్టు, "చంకలో బిగుతైందిరా, కుట్టు విడిపోయింది" అన్నాడు. ఎన్ని నెలల తర్వాత నాతో మాట్లాడాడో! "కొలత తీసిందెవరో" అన్నాన్నేను, నోరూరుకోక. ఆయన నా వైపు చూశాడు. అయిపోయింది, ఇక తన్నుకోవడమే అనుకున్నా. పకపకా నవ్వాడే! నేనూ నవ్వాను, కళ్ళనీళ్ళొచ్చేదాకా. మేస్త్రీ లేచి సామాన్లు సర్దుకున్నాడు. మా అన్న తడిగుడ్డ తెచ్చి ఆ చివర్నించి తుడవడం మొదలెట్టాడు, నేను ఈ చివర్నించి. మా అత్త మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. అద్దంలోకే చూస్తూ "లే, లే, సిగ్గుపడకు" అంటోంది.

ఆవిడ పోయిన రోజు ఆ మేస్త్రీ వచ్చాడు. పొయ్యి ముందు కూచుని ఒకటే ఏడుపు. "చిన్నబ్బాయిగారూ, సుత్తి దెబ్బకి రొట్టె కూలడమేంటండీ? నేను బేకరీలో పనిచేసినవాణ్ణి, పక్కన గోడే పడగొట్టినా అది పొంగుతూనే ఉంటుంది" అన్నాడు. మరి అప్పుడే చెప్పలేదేమయ్యా అంటే, "మొదటి రోజు సుత్తెత్తగానే ఆవిడ నా మొహంలోకి ఒక చూపు చూశారండీ. ఇంకేం చెబుతాను" అన్నాడు. అదీ మా అత్త. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదమ్మా. ఆ తర్వాత మా అన్నా నేనూ బతికినన్నాళ్ళూ... అంటే ఆయన బతికినన్నాళ్ళూ...

అదిగో, అదిగో! చూశావా? ఆ పక్క, చంకలో... కుట్టు విడుతోంది. జరుగు కాస్త. ఇంకా జరుగు, అటు పక్కన ఒక మనిషికి చోటుండాలి. ఇక మాట్లాడకు.