‘లేరు’ నొక్కిన తాతయ్య

మనవరాలు కంప్యూటరును తాతయ్య ముందుకు జరిపింది.

"ఈ ఫారం రేపు మా ఆస్పత్రిలో పెద్ద డాక్టరుగారికి చూపించాలి. తప్పుంటే నా పరువు పోతుంది. మొదటి పేషెంటువి నువ్వే, నొక్కు."

"భార్య... ఉన్నారు... లేరు." ముసలాయన కూడబలుక్కుని ‘లేరు’ నొక్కాడు. కింద కొత్త గడి తెరుచుకుంది.

"ఓరి దీని తెలివి! మన జవాబు విని ఇంకో ప్రశ్న వేస్తోందే! నువ్వే నేర్పావా?"

"మాక్రో రాశాను తాతయ్యా. నొక్కినదానికి తగ్గ గడి వస్తుంది."

"బంగారు చేతులే తల్లీ నీవి! ఇంతకీ ఏమడుగుతోంది?"

"చనిపోయిన తేదీ... అయ్యో, లేరని నొక్కావేంటి?"

"కూరగాయలకి వెళ్లిందిగా! ఇంట్లో లేదు."

"నాకు తట్టనేలేదు తాతయ్యా!"

"ముందు ఆ మాట మార్చమ్మా. మీ నానమ్మ వచ్చి చూసిందంటే, లేకుండా పోయేది నేనే."