లోపల మిగిలిన పేర్లు

ఎంబ్రాయిడరీ షాపులో మెకానిక్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. షాపావిడ అతని కుర్చీ వెనకే నిలబడి చూస్తోంది.

"వైరు బాగానే ఉందమ్మా. మీ కుట్టుమిషన్నే కంప్యూటర్ గుర్తుపట్టడం లేదు."

"నిన్నటిదాకా బంగారంలా కుట్టింది బాబూ. రాత్రికి రాత్రే దానికేం రోగం?"

"రోగం కాదు, మిషన్లని కంప్యూటర్‌తో కలిపే పాత డ్రైవర్లు పేరుకుపోయాయి. మనం ఎప్పుడో తగిలించి పీకేసినవాటి పేర్లు కూడా లోపల అలాగే ఉండిపోతాయి. ఇవిగో, మసగ్గా కనిపిస్తున్నవన్నీ అవే. అవి తీసేసి మిషనుకి కొత్త డ్రైవరు వేస్తా. పాత ప్రింటరు తీసెయ్యనా?"

"అదింకా వదల్లేదా మమ్మల్ని? ముందు దాన్ని తీసెయ్."

"కెమెరా?"

"తీసెయ్."

"'అమ్మా, ముట్టుకోకు'... ఇదేం పేరమ్మా! ఏదో ఫోనులా ఉంది."

"మా అమ్మాయిది. ఎవరితో మాట్లాడుతోందోనని నేను అస్తమానం తీసి చూస్తుంటే, ఒళ్ళుమండి దానికా పేరు పెట్టింది."

"తీసేసినా పర్లేదమ్మా. పాపని ఇంకోసారి ఫోను తగిలించమనండి, దానంతటదే వచ్చేస్తుంది."

"రాదు బాబూ. పోయినేడు బండి మీద వెళ్తూ యాక్సిడెంటులో పోయింది. ఫోనూ అక్కడే ముక్కలైంది."

"అయ్యో... తెలీక అనేశానమ్మా."

"ఆ పేరుంటే మిషను నడవదా?"

"నడుస్తుందమ్మా. దానివల్ల అడ్డేం లేదు."

"అయితే ముట్టుకోకు బాబూ. ఈ ఒక్కసారైనా దాని మాట విందాం."