చప్పుడు లేని జాక్

పనిముట్ల దుకాణం. బల్లకి ఇవతల భార్యాభర్తలు, అవతల దుకాణదారు.

“చప్పుడు రాకూడదన్నా. మాకు కావాల్సింది అదొక్కటే.”

“అమ్మా, బండి ఎత్తే జాక్ కొనేవాళ్ళు బరువు అడుగుతారు, ధర అడుగుతారు. మొన్నొకాయన రంగు అడిగాడు, సరే అనుకున్నా. చప్పుడు గురించి అడిగింది మాత్రం మీరే.”

“ఆవిడ మాటకేం గానీ, మంచిది చూపించు బాబూ. ఇంట్లో వాడుకోడానికి.”

“నా మాటకేం గానీ ఏంటండీ? వంటింట్లో వినేది మీరా, నేనా?”

“సరే, సరే. చప్పుడు లేనిదే చూపించు.”

“ఏ బండి సార్? బరువుదా?”

“పాతకాలం మోటార్ సైకిల్. ఒక్కణ్ణే కదపలేను. ఎక్కడి పని అక్కడే ఆగిపోయి షెడ్డులో పడుంది.”

“అయితే ఇది చూడండి. కాలితో తొక్కితే లోపలి నూనె ఒత్తిడికి పైకి లేస్తుంది. తొక్కండమ్మా, మీరే తొక్కి చూడండి. పిల్లి నడిచినంత చప్పుడు కూడా ఉండదు.”

“ఇదే. ఇదే కట్టన్నా.”

“ఆగవే. ఆ పక్కదేంటి బాబూ?”

“అది లాక్ ఉన్నది సార్. తొక్కినప్పుడల్లా ఒక్కో ఇనప పన్ను తగులుకుని బిగుసుకుంటుంది. వినండి... టక్, టక్, టక్. లోపల సీల్ పోయి నూనంతా కారిపోయినా, ఎత్తిన బండి ఎత్తినట్టే ఉంటుంది.”

“అమ్మో, ఆపన్నా దాన్ని. ఆ టక్ టక్ నాకొద్దు.”

“లాక్ ఉంటే మంచిదేనే...”

“వద్దన్నానా!”

“ఒక్క మాట చెప్తానమ్మా, కోప్పడకండి. బండి కిందకి దూరే పనుంటే మాత్రం లాక్ లేనిది నేనివ్వను. సార్, మీరు కిందకి దూరతారా?”

“నేనా... చక్రం బిగిస్తాను, చైను వేస్తాను. అమ్మేస్తాం. అంతే.”

“దూరరు. నేను దూరనివ్వను.”

“మరి ఇన్నాళ్ళూ వాడిన పాత జాక్ ఉండాలిగా. దానికేమొచ్చింది?”

“కిర్రుమంటోంది.”

“దానికి కొత్తదెందుకు సార్? కాస్త గ్రీజు రాస్తే సరి.”

“సీల్... సీల్ కూడా పోయింది.”

“అయ్యో. కింద ఎవరూ లేనప్పుడే కదా?”

“ఆ లాక్ ఉన్నది... ధరెంత బాబూ?”

“సార్?”

“మా మరిది ఉన్నాడన్నా. ఈయన తమ్ముడు. పసివాడప్పటి నుంచీ నా చేతుల్లో పెరిగాడు. ఆ రోజు టీ పెట్టి పిలిచాను. వస్తున్నా వదినా అన్నాడు. అంతే, దభీమని...”

“ఊరుకో. దుకాణంలో ఏంటది.”

“ఊరుకోను. ఇన్నాళ్ళూ చేసింది అదేగా. అన్నా, ఈయన ఆ పాత జాక్‌ని వదలరు. రోజూ సాయంత్రం షెడ్డులో చేరి తొక్కుతుంటారు. కిర్రు... కిర్రు... అచ్చం వాడు తొక్కినట్టే. నేను పళ్ళు బిగబట్టుకుని వింటుంటాను. ఎందుకలా పడిందో తేల్చుకుంటున్నారు కాబోలు, తేల్చుకోనీలే అని నోరు మూసుకున్నాను. కొత్తది కొంటే పాతది పారేస్తామన్నారని ఇక్కడిదాకా వచ్చాను.”

“తొక్కేదెవరు?”

“ఇంకెవరు, మీరే.”

“నేనెక్కడ తొక్కాను? సాయంత్రమైతే నేను మేడ మీదే కదా ఉండేది!”

“మేడ మీదా?”

“ఆ చప్పుడు వినలేకే మేడ ఎక్కేది. నువ్వే అక్కడ కూర్చుని తొక్కుకుంటున్నావని... నిన్ను చూసే ధైర్యం లేక.”

“నేనా? వాణ్ణి బయటికి మోసుకొచ్చాక ఆ షెడ్డు గుమ్మం తొక్కానా నేను? అటు తొంగి కూడా చూళ్ళేదు.”

“నేనూ వెళ్ళలేదే. తాళం వేసింది వేసినట్టే ఉంది.”

“తమాషా చెయ్యకండి.”

“వాడి మీద ఒట్టు.”

“అమ్మా, గాలికి ఏ తలుపో కొట్టుకుని...”

“గాలికి అలా ఉండదన్నా. కాసేపు తొక్కి ఆగుతుంది. బండిని పట్టుకుని ఊపుతుంది.”

“అవును, ఊపుతుంది. ఊపి, మళ్ళీ తొక్కుతుంది.”

“మీరూ విన్నారా?”

“రోజూ వింటున్నా కదే. కిందకి దూరేముందు వాడు అలాగే ఊపి చూసేవాడు. నేనే నేర్పాను.”

“తర్వాత పానా నేల మీద పెట్టిన చప్పుడు.”

“చాలు. ఇంక చెప్పకు.”

“తర్వాత...”

“చెప్పకన్నానా!”

“దభీమంటుంది. మీరు బండిని దించేస్తున్నారనుకున్నానండీ. రోజూ, మీరే దించేస్తున్నారనుకున్నాను.”

“నేనేమో నువ్వే అనుకున్నా. బండి మీద కోపంతో తోసేస్తున్నావని.”

“సార్, ముందు కూర్చోండి. కాసిని మంచినీళ్ళు తాగండి. అమ్మా, మీరు కూడా. ఇవాళ్టికి ఇంటికెళ్ళండి, నా మాట వినండి. జాక్ ఎక్కడికీ పోదు. మీరడిగిన చప్పుడు లేనిది పక్కన పెట్టి ఉంచుతాను.”

“అది వద్దన్నా. లాక్ ఉన్నదే కట్టు, సాయంత్రంలోగా షెడ్డులో పెట్టాలి. ఎంత చప్పుడైనా చేసుకోనీ, వాడి మీద మాత్రం మళ్ళీ పడకూడదు.”